నాలుగున్నర లక్షల్లో అమ్మమ్మ కాలం నాటి పెళ్ళి, అదీ మన చేతుల్తో. అవుతుందంటారా?

గోదారిగట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. వచ్చే మాఘంలో నా పెళ్ళి, ఇంకా ఐదు నెలల టైముంది. ఉద్యోగం హైదరాబాదులో, పెళ్ళి మాత్రం పాలకొల్లు దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో. పాత మండువా లోగిలి, ముందు ఎడ్లబండి తిరిగేంత వాకిలి ఉంది. పోయిన నెల అటక మీంచి ట్రంకుపెట్టె దించితే అమ్మమ్మ పెళ్ళి ఫోటో దొరికింది. 1961 నాటిది. తాటాకు పందిరి, రంగు కాగితాల తోరణాలు, ఓ పక్కన పెట్రోమాక్సు లైటు పట్టుకుని ఒకాయన, పీటల మీద తల ఎత్తకుండా పదిహేడేళ్ళ అమ్మమ్మ. అప్పట్నుంచీ నా బుర్రలో అదే పెళ్ళి తిరుగుతోంది.

నాన్న రిటైరయ్యారు. అప్పు చేస్తే పీటల మీద కూర్చోనని ముందే చెప్పేశాను. బంగారం, బట్టలు కాకుండా నాలుగున్నర లక్షలు. 250 మంది. ఒక ఈవెంట్ వాళ్ళని అడిగితే "పాతకాలం థీమ్" అని ఒక్క అలంకరణకే మూడు లక్షల ఎనభై వేలు చెప్పారు. అందులో బండి చక్రాలు రెండు, అద్దె గ్రామఫోను ఒకటి, ప్లాస్టిక్ మావిడాకులు. మావిడి చెట్టు మా పెరట్లోనే ఉంది కదండీ!

శుభలేఖలు, పందిరి, తాంబూలం సంచులు, పూలజడ అన్నీ మేమే చేద్దామనుకుంటున్నాం. మేమంటే నేను, చెల్లి, ఇద్దరు పిన్నులు, ఉత్సాహం తప్ప పని రాని నలుగురు కజిన్లు. ఏది చేతనవుతుంది, ఏది కాదు? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

వంటశాల

అమ్మా, ఇరవై రెండేళ్ళుగా పెళ్ళి వంటలు చేయిస్తున్నవాణ్ణి. అలంకరణ సంగతి తర్వాత. ముందు ఆ 250 నిజం లెక్కా, పెళ్ళికూతురి లెక్కా? పల్లెటూళ్ళో ఇంటి ముందు పందిరేసి సగం ఊరినే పిలుస్తానంటే కుదరదు. 400కి వేసుకో. నీ డబ్బులో సగం ఆకులోకే పోతుంది, కాబట్టి మిగిల్చేది కూడా అక్కడే మిగల్చాలి.

ఇప్పుడు పెళ్ళిళ్ళలో ముప్ఫై రకాలు వడ్డిస్తున్నారు. మనిషి తినేది తొమ్మిది, పదో రకం నుంచి ఆకులో అలంకారం. ముద్దపప్పు, ఆవకాయ, పులిహోర, కందా బచ్చలి, గుత్తొంకాయ, గుమ్మడికాయ దప్పళం, బూరెలు, గడ్డ పెరుగు. వీటికి ఇంకొకటి కలుపు, అంతే. మాఘంలో వంకాయ, చిక్కుడు, కంద అన్నీ దొరుకుతాయి. గుమ్మడికాయలు వారం ముందే కొని మూల పడేసుకోవచ్చు. గాడిపొయ్యి తవ్వించి ఇంటి దగ్గరే వండిస్తే వంటవాళ్ళ కూలీ, సరుకులు, కట్టెలు, అంతే ఖర్చు.

ఒక్క జాగ్రత్త. పాత పెళ్ళి అన్నావు కాబట్టి అటక మీంచి ఇత్తడి గుండిగలు కూడా దింపుతావు. లోపల కళాయి పూత పోయి ఉంటే అందులో పులిహోర, దప్పళం వండొద్దు. చింతపండు పులుపు తగిలితే చిలుమెక్కి మనుషులు వాంతులు చేసుకుంటారు. కళాయి వేసేవాడు దొరికితే వేయించు. దొరక్కపోతే వాటిని తోమి నీళ్ళు పోసి పూలు వెయ్యి, అందంగా ఉంటుంది. వంట స్టీలు డేగిసాల్లో కానీ.

ఓరుగల్లు_అక్క

చెల్లీ, శుభలేఖల మాట నన్నడుగు. మా దిక్కు వరంగల్‌లో నా పెండ్లికి 300 కార్డులు నా చేత్తోనే చేస్తానని కూర్చున్న. పాత కలంకారీ గుడ్డ ముక్కలు అంచుకు అతికించి, లోపల చేత్తో రాసి. మొదటి యాభై చూస్తే కండ్లకద్దుకోవాలి. నూరు దాటినంక అక్షరాలు చీమలు పాకినట్లయినయి. పెండ్లికి తొమ్మిది రోజుల ముందు వేళ్ళు బొబ్బలెక్కి, అమ్మ నా చేతిల కెళ్ళి గుంజుకుని బజారుల అచ్చు వేయించింది. కాబట్టి నలభై చెయ్యి. పెద్దవాళ్ళకు, దేవుని దగ్గర పెట్టేటందుకు, దాచుకునేటందుకు. మిగిలినోళ్ళకు దాన్నే ఫోటో తీసి వాట్సాప్‌ల పంపు.

ఇంకోటి. ఎంత పాత ఫ్యాషన్ చేసినా పేర్లు, తేదీ, వేదిక విడమర్చి రాయి. తర్వాత రిజిస్ట్రేషన్‌కు పోతే ఆధారం కింద శుభలేఖ అడుగుతరు. నేను "శ్రీవారి ఇంట" అని కవిత్వం రాసిన. ఆఫీసులో "ఈ ఇల్లు ఎక్కడమ్మా?" అన్నరు.

పాతసామాను

పాత రేడియోలు, కెమెరాలు బాగుచేసే పిచ్చి ఉన్నవాణ్ణి. మూడు మాటలు.

గ్రామఫోను చూడ్డానికే. 78 ఆర్‌పీఎం రికార్డు ఒక వైపు మూడు నిమిషాల చిల్లర. ప్రతి వైపుకీ సూది మార్చాలి, కీ తిప్పాలి. మారుస్తూ కూర్చోడానికి ఒక మనిషి కావాలి, పైగా నలుగురు మాట్లాడితే ఆ పాట వినపడదు. ఎవరింట్లోనైనా ఉంటే అరుగు మీద పెట్టుకోండి, అద్దెకి మాత్రం తేవద్దు.

పెట్రోమాక్సు వెలిగించవద్దు. కిరసనాయిలు దొరకడమే గగనం, పైగా మీది తాటాకు పందిరి. డొల్లలు తెచ్చి లోపల పసుపు కాంతి ఎల్‌ఈడీ బల్బు పెట్టండి. అయిదడుగుల దూరం నుంచి ఎవరూ పోల్చలేరు. పందిరి నాలుగు మూలలా నీళ్ళ పీపాలు, ఇసుక బకెట్లు పెట్టించండి. బాణసంచా అసలే వద్దు. హోమం దగ్గర పైకప్పు ఎత్తుగా లేపమని చెప్పండి.

ఫిల్మ్ కెమెరాతో ఫోటోలు తీయించాలని ఎలాగూ అనిపిస్తుంది. కోస్తా గాలికి బీరువాలో పెట్టిన పాత లెన్సుల్లో బూజు పడుతుంది. టార్చి వేసి లోపల సాలెగూడులా కనిపిస్తోందేమో చూడండి. నలుపు తెలుపు రోలు ఒక్కటి, 36 ఫోటోలు చాలు. అమ్మమ్మ ఫోటోలో నిలబడినట్టే ఇంటివాళ్ళందర్నీ నిలబెట్టి పగటి వెలుగులో తీయండి. ముహూర్తం రాత్రి అయితే అప్పుడు డిజిటలే గతి.

పచ్చిమిరపకాయ్

అందరూ మురిసిపోతున్నారు, నాదొక చేదు మాట. ఆ ఫోటోలో పందిరి వేసినవాళ్ళు, అంట్లు తోమినవాళ్ళు, లైటు మోసిన మనిషి ఎంత తీసుకున్నారో ఎవరైనా అడిగారా? అప్పట్లో చవక అనిపించిందంటే ఎవరో గింజలకి చాకిరీ చేశారన్నమాట. ఇప్పుడు తాటాకు కోయడానికి చెట్టెక్కేవాళ్ళే తక్కువ. ఎక్కినవాడికి రోజుకూలీ సరిగ్గా ఇస్తే మీ "చవక" పందిరి షామియానా కంటే రెట్టింపు అవుతుంది. "చేత్తో చేసింది" అంటే ఎవరి చేత్తో?

గోదారిగట్టు

@పచ్చిమిరపకాయ్ గారూ, మీ మాట చదివి కోపం వచ్చింది. ఆ కోపంలోనే అమ్మమ్మకి ఫోన్ చేశాను, "అప్పుడు మీ పెళ్ళికి ఎంతయింది" అని. అమ్మమ్మ కాసేపు నవ్వి, "ఐదు రోజుల పెళ్ళే! మగపెళ్ళివారు నలభై మంది విడిదింట్లో తిష్ట. మా నాన్న చెరువు గట్టు చేను అరెకరం అమ్మాడు. ఆ ఏడు దాళ్వాకి మాకు అక్కడ నాట్లు లేవు" అంది.

అంటే నేను ముచ్చటపడి చూస్తున్న పందిరి వెనక అరెకరం ఉందన్నమాట. రెండు రోజులు ఏమీ తోచలేదు.

పందిరి లెక్క వేశాం. మీరన్నది నిజమే. పూర్తి తాటాకు పందిరికి ఆకు, వెదుళ్ళు, కూలీ కలిపి 70 వేలు దాటుతోంది. పీటలు ఉండే చోట మాత్రం తాటాకు వేసి, భోజనాల వైపు మామూలు షామియానా వేస్తే 46 వేలు.

ఓరుగల్లు_అక్క

పచ్చని పందిరంటే మా దిక్కు మామిడి, మేడి కొమ్మలతోని వేస్తరు. ఇంటి ఆడపడుచులు, అల్లుండ్లు కలిసి వేసుడు. దాన్ని పీటల చుట్టూ వరకు వేసినా నిండుగుంటది. పైసలు కొమ్మలకు గాదు, అల్లుండ్లకు పెట్టే బట్టలకు అయితయి.

కడియం_పూలు

పూలజడ అన్నారు. మాఘం అంటే మల్లెపూల కాలం కాదండి. చలిలో మల్లె పూత తక్కువ, పెళ్ళిళ్ళేమో ఎక్కువ. ఆ నెలలో కిలో ధర వింటే మీరే జడ కోసేసుకుంటారు. చామంతి, కనకాంబరం, లిల్లీ మొగ్గలతో కుట్టుకోండి. పాత పద్ధతిలో అరటి దొప్పని జడ వెడల్పున కోసి, దాని మీద సూదీ దారంతో వరసలు కుట్టాలి. అట్ట మీద కుడితే గంటలో వంగిపోతుంది, దొప్ప తడిగా ఉండి పువ్వుని నిలబెడుతుంది. బరువు మాత్రం ఉంటుంది, పైన ఒక తాడుతో కొప్పుకి గట్టిగా కట్టండి.

పూలు కడియపులంక మార్కెట్లో తెల్లవారకముందే కొనండి. బంతి, చామంతి బుట్టల్లెక్కన తీసుకుంటే సగం ధర. కొన్నాక తడి గుడ్డ కప్పి నీడలో పెట్టాలి. నీళ్ళలో ముంచితే కుళ్ళుతాయి.

మంగళగిరి_నేత

అక్కా, మధుపర్కాలు కొనేశారా? పట్టుచీర ఒక్క రాత్రికి పాతికవేలు పెట్టే బదులు, పీటల మీద మంగళగిరి తెల్ల నూలు చీర, ఎర్ర అంచుతో కట్టుకోండి. ఫోటోలో మీ అమ్మమ్మగారు కట్టుకుందీ అలాంటిదే అయి ఉంటుంది. పొందూరు ఖద్దరు ఇంకా అందం, వాలుగ చేప దవడతో దూది ఏకి వడికే నూలు. కానీ సన్నది ధర ఎక్కువ, అబ్బాయికి ఉత్తరీయం వరకు చూడండి.

గోదారిగట్టు

చీర మాట ఎత్తారు కాబట్టి అడుగుతున్నాను. అదే ట్రంకులో అమ్మమ్మ వెంకటగిరి జరీ చీర ఉంది. రంగు ఇంకా మెరుస్తోంది, కానీ మడత మీద చెయ్యి పెడితే పుటుక్కుమంటోంది. పీటల మీద కట్టుకోవచ్చా?

మంగళగిరి_నేత

వద్దండీ. మడతల దగ్గర పోగు చచ్చిపోయింది. కూర్చుని లేస్తే చిరుగుతుంది, పైగా తలంబ్రాల పసుపు, హోమం వేడి. నీడలో ఆరబెట్టి (ఎండలో కాదు), మడత మార్చి, మెత్తటి పాత నూలు గుడ్డలో చుట్టి ఉంచండి. పెళ్ళికూతుర్ని చేసేటప్పుడు భుజాల మీద కప్పుకోండి, లేదా అడ్డుతెరగా పట్టించండి. ఈ లోపు "పాత జరీ చీరలు కొంటాం" అని వీధిలో అరుస్తూ వచ్చేవాడికి మీ పిన్ని అమ్మెయ్యకుండా చూసుకోండి!

డల్లాస్_సుబ్బు

మేము ఇక్కడ పెళ్ళికి అరిటాకులు మెక్సికన్ దుకాణంలో ఫ్రోజెన్‌వి కొని, కరిగించి, తుడిచి వేశాం. నల్లగా ఉన్నాయని మా అత్తగారు ఇప్పటికీ అంటారు. పెరట్లో మావిడి చెట్టున్న మీరు అదృష్టవంతులు. అంతే చెప్పాలనిపించింది.

సీతాలు

సంచుల సంగతి నేను చెప్తా. పాత నూలు చీరలు జమచెయ్యి. ఐదున్నర మీటర్ల చీరలో ఒక్కో సంచికి జానెడు వెడల్పు, దానికి రెండున్నర రెట్లు పొడుగు ముక్క చొప్పున కోస్తే లెక్కకి నలభై ఐదు వస్తాయి. చిరిగినవి, మరకలు పోను ముప్ఫై నికరం. నోటికి పాత చీర అంచే తాడుగా దూర్చు. మనిషికొకటి ఇవ్వకు, ఇంటికొకటి. 400 మంది అంటే నూట ఇరవై ఇళ్ళు. అంటే నాలుగు చీరలు, ఒక కుట్టుమిషను, రెండు ఆదివారాలు. లోపల ఏటికొప్పాక లక్క కుంకుమ భరిణె ఒకటి పెడితే పెళ్ళి అయిన పదేళ్ళకీ ఎవరింట్లోనో కనిపిస్తుంది. వాళ్ళు చేత్తో తిప్పి చేస్తారు కాబట్టి రెండు నెలల ముందే చెప్పుకో.

అసలు ప్రశ్న ఎవరూ అడగలేదేం? మగపెళ్ళివారు ఏమంటున్నారు?

గోదారిగట్టు

అదే కదా సీతాలు గారూ, అసలు టెన్షన్. వాళ్ళది ఖమ్మం. మా అత్తయ్యగారు వీడియో కాల్‌లో పాత ఫోటో చూసి, "బాగుంది కానీ, మా చుట్టాలు వస్తే ఎల్‌ఈడీ స్టేజీ లేదని అనుకోరూ?" అన్నారు. నేను ఏదో అనబోయాను, అమ్మ కాలు తొక్కింది. చివరికి తేలింది ఏమిటంటే, పెళ్ళి మా పద్ధతిలో, రిసెప్షన్ ఖమ్మంలో వాళ్ళ పద్ధతిలో, వాళ్ళ ఖర్చుతో. నేను అక్కడ వెలుగుల సోఫాలో కూర్చోవాలి. కూర్చుంటాను.

ఆయన మాత్రం ఎడ్లబండిలో రావడానికి ఒప్పుకున్నారు. ఎప్పుడూ ఎక్కలేదట.

పచ్చిమిరపకాయ్

ఎదురుసన్నాహానికి ముందు ఒకసారి ఎక్కించి చూడండి. నవ్వులాటకి అనడం లేదు, బండి కదిలాక ముందుకి పడ్డ పెళ్ళికొడుకుని నేను చూశాను.

గోదారిగట్టు (నాలుగు నెలల తర్వాత)

పనులు సాగుతున్నాయి. మా దగ్గర్లో పాతకాలపు ట్రెడిల్ అచ్చు మిషను ఉన్న ముసలి ప్రెస్సు ఒకటి దొరికింది. బిల్లు పుస్తకాలు వేసుకుంటున్నారు. సీసపు అక్షరాలు ఏరి కూర్చి, గులాబీ రంగు పల్చటి కాగితం మీద జానక్యాః శ్లోకంతో 150 కార్డులు వేసిచ్చారు, ఆరు వేల చిల్లర. ప్రెస్సాయన దగ్గర "సౌ" అచ్చు ఒక్కటే మిగిలింది, అందుకని నేను మాత్రమే సౌభాగ్యవతిని, మా అమ్మ, అత్తయ్య "శ్రీమతి"లు. చేత్తో చేసినవి @ఓరుగల్లు_అక్క చెప్పినట్టు నలభై.

నిన్న జరిగింది వినండి. నలభైకీ నాలుగు మూలలా పసుపు రాసి మండువాలో ఆరబెట్టాం. అదే రోజు గోడలకి వెల్ల వేయిస్తున్నాం. మా తమ్ముడు సున్నం చేత్తోనే కార్డులన్నీ దొంతర పెట్టాడు. పొద్దున చూస్తే పసుపు మూలలు ఎర్రగా, వేలిముద్రలతో సహా పారాణి! పిన్ని ఏడ్చినంత పని చేసింది. అమ్మమ్మ మాత్రం "పసుపూ సున్నం కలిస్తే మరేమవుతుందే, పారాణి శుభమే, పంచండి" అంది. పంచేశాం.

ఇంకో విషయం. ట్రంకు అడుగున అమ్మమ్మ పెళ్ళి పంచరత్నాలు అచ్చేసిన కాగితం దొరికింది. అప్పట్లో పెళ్ళిలో పద్యాలు చదివి పంచేవారట. ఆ ఎర్ర కాగితం ప్రెస్సాయనకి చూపిస్తే చాలాసేపు చేతిలో పట్టుకుని, మా తమ్ముడు రాసే అయిదు పద్యాలకి డబ్బు తీసుకోనన్నారు.

వంటశాల

పద్యాల సంగతి సరే. మనుషుల లెక్క తేలిందా?

గోదారిగట్టు

392.

వంటశాల

చెప్పానా.

గోదారిగట్టు (పెళ్ళయిన మూడు వారాలకి)

అయిపోయింది! ఖమ్మం రిసెప్షన్ కూడా అయి, ఇప్పుడే తీరిక చిక్కింది.

ముందు డబ్బు, ఎందుకంటే చర్చ మొదలుపెట్టింది దానికోసమే. ఐదు లక్షల పన్నెండు వేలు. 62 వేలు దాటాం. భోజనాలకే రెండు లక్షల నలభై వేలు, అదీ 410 ఆకులకి. పందిరి 46 వేలు, ఫోటోలు 50, సన్నాయి మేళం 22. పిన్నుల మీద పడ్డ భారం మాత్రం ఏ లెక్కలోనూ లేదు. సంచులు కుట్టి కుట్టి చిన్నపిన్ని మెడ పట్టేసింది, ఫిజియోథెరపీకి వెళ్తోంది. చేత్తో చేస్తే ఊరికే వస్తుందని ఎవరైనా అంటే ఆవిడ నంబర్ ఇస్తాను.

కుదరనివి: రంగు కాగితాల తోరణాలు. ఫోటోలో చూసి మనసుపడి నాలుగు వందల జెండాలు కత్తిరించాం. ముహూర్తం రాత్రి 11 గంటల 42 నిమిషాలకి. పదింటికే మంచు కురవడం మొదలైంది. ఎర్ర కాగితాలు తడిసి రంగు కారి, జీలకర్ర బెల్లం వేళకి పురోహితుడిగారి తెల్ల ఉత్తరీయం మీద చుక్కలు చుక్కలు. తమ్ముడి పద్యాలు చదువుతుంటే ఊరి తెలుగు మాస్టారు మూడో పాదంలో గణం తప్పిందని బంతి మధ్యలోంచి లేచి చెప్పారు. ఇత్తడి గంగాళంలో పూలు వేస్తే పిల్లలు కాగితం పడవలు వదిలారు, అది బావుంది నిజానికి.

కుదిరినవి: ఎల్‌ఈడీ పెట్రోమాక్సులు. మా మేనమామే మోసం కనిపెట్టలేక దూరం జరిగి నిలబడ్డాడు, కాలుతుందేమో అని. పూలజడ అరటి దొప్ప మీద తెల్లవారేదాకా వాడలేదు. వెంకటగిరి చీర అడ్డుతెర అయింది. నేను అటు, ఆయన ఇటు, మధ్యలో అమ్మమ్మ చీర. తెర దించేటప్పుడు మేనమామ కాస్త గట్టిగా లాగితే మడత దగ్గర చిరిగింది. అమ్మమ్మ చూసింది, ఏమీ అనలేదు. తర్వాత ఆ ముక్క కోసి తన దగ్గర పెట్టుకుంది.

అత్తయ్యగారు బంతిలో కూర్చుని రెండోసారి దప్పళం వేయించుకున్నారు. ఖమ్మం చుట్టాలు ఎల్‌ఈడీ స్టేజీ లేదని అనలేదు. బూరెలు చాల్లేదన్నారు.

ఆయన ఎడ్లబండిలోంచి పడలేదు. ఒక రోజు ముందు పడ్డారు, రిహార్సల్లో.

సీతాలు

అన్నీ చెప్పావు, ఆ తాటాకు ఏం చేశారు? 46 వేల పందిరి ఒక్క రాత్రికేనా?

గోదారిగట్టు

పదహారు రోజుల పండగ అయ్యాక విప్పించాం. వెదుళ్ళు అద్దెవి, వెనక్కి పంపాం. తాటాకుతో పందిరి వేసినాయనే వచ్చి, తన గేదెల పాక కప్పుకుంటానని సగం తీసుకెళ్ళాడు. మిగతా సగంతో మా పాక కప్పాడు. ఒక మూల ఎర్ర కాగితం జెండా ఒకటి ఇంకా అంటుకునే ఉంది.